సగం మీసం

ఆగస్టు 5, మంగళవారం

అమ్మ సగం మీసంతో చనిపోయింది.

ఈ మాట ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టుగా ఉండాలి. బయట ఉండే అవకాశం లేదు. అన్నయ్య ఫోన్ల మీద ఫోన్లు చేసి తెలిసినవాళ్ళందరికీ వేరే వాక్యం పంచిపెట్టాడు: "నిద్రలోనే, ప్రశాంతంగా వెళ్ళిపోయింది." అందులో ఒక్క ముక్క నిజం కాదు. ఆదివారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోలేదు. నా కూతురితో చచ్చే ఆట ఆడుతోంది. ప్రశాంతత సంగతి సరేసరి. గోడకు ఇవతల నేను పత్రికకు వ్యాసం రాసుకుంటూ, ఆ ఇద్దరి ఇకిలింపులకు పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

ఆట సులువు. ఒకరు చచ్చిపోవాలి. పోయే ముందు ఆఖరి మాట చెప్పాలి. ఆపైన చాప మీద కళ్ళు మూసుకుని పడుకోవాలి. అవతలివాళ్ళు చక్కిలిగింతలు పెట్టినా, చెవిలో కుక్కలా మొరిగినా నవ్వకూడదు. నవ్వితే ఓడినట్టు. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసిన రోజుల్లో అమ్మ కనిపెట్టిన ఆట ఇది. మాకు నేర్పింది. తర్వాత మనవరాలికి నేర్పింది.

ఆదివారం అమ్మ చెప్పిన ఆఖరి మాట గోడ ఇవతలికి కూడా వినబడింది. నాకు వినబడాలనే గొంతు పెంచి చెప్పింది. "నా చీరలు మీ అమ్మకి ఇవ్వకే. జెండాలు కుట్టిస్తుంది."

పిచ్చుక పగలబడి నవ్వింది. పిచ్చుక అంటే నా కూతురు, ఆ పేరు అమ్మ పెట్టిందే. తర్వాత కాసేపు మొరుగుళ్ళు, ముక్కుతో పాటలు. ఆ తర్వాత పిల్ల నా గది గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కనుబొమలు దిద్దుకునే పెన్సిల్.

"అమ్మా, అమ్మమ్మ నవ్వడం లేదు."

ఆసుపత్రిలో నర్సు తడి దూదితో అమ్మ పైపెదవి తుడిచింది. ఏమీ అడగలేదు. అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.


ఆగస్టు 6

అన్నయ్యతో పోట్లాట. వాడి వాదన ఇక్కడ నిజాయితీగా రాస్తాను, ఎందుకంటే దాన్ని ముక్కలు ముక్కలు చేయడం నాకు అవసరం.

"చిన్నపిల్ల. రేపు బడిలో ఎవరో ఒకరు అంటారు. మీ అమ్మమ్మ చచ్చిపోతుంటే నువ్వు మూతి మీద బొమ్మలేశావటగా అని. అప్పుడు నువ్వేం చేస్తావు? పేపర్లో ఖండిస్తావా?"

"అబద్ధం చెప్పమని పిల్లకు నేర్పుతున్నావు."

"అబద్ధం చెప్పమనలేదు. ఊరుకోమన్నాను."

"ఊరుకో అంటే అర్థం ఏమిటి? తప్పు చేశావు, దాచిపెట్టు అని."

"నీకు ప్రతిదీ సభే. ఇది ఇల్లు."

వాడు నాన్న వాచీల కొట్టు నడుపుతాడు. రోజంతా చిన్న చిన్న పళ్ళచక్రాలు సర్దిపెట్టే మనిషి. లోపల ఏది విరిగినా పైన అద్దం శుభ్రంగా కనిపిస్తే చాలు వాడికి. ఈ మాట అన్నాను కూడా. వాడికి కోపం వచ్చింది. వచ్చాక అసలు మాట బయటపడింది.

"ఆ వెర్రి ఆటలు వద్దని అమ్మకి ఎన్నిసార్లు చెప్పాను? వినిందా? ఆ ఆటే లేకపోతే ఆ క్షణాన్నే తెలిసేది కదా."

గుమ్మంలో పిచ్చుక మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది, మావయ్య కోసం తెచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నీళ్ళు కింద ఒలకలేదు. ఒలికి ఉంటే బాగుండేది.


ఆగస్టు 7

పిల్ల తింది. మాట్లాడలేదు.


ఆగస్టు 9, శనివారం

పరామర్శకు వచ్చేవాళ్ళు ఆగడం లేదు. అందరి నోటా ఒకే మాట. త్యాగమూర్తి. పిల్లల కోసం తన సుఖం చూసుకోలేదట. మీ కోసం కొవ్వొత్తిలా కరిగిపోయిందట.

ఈ దేశవాళీ శుభ్రపరిచే కార్యక్రమం నాకు బాగా తెలుసు. ఆడమనిషి పోగానే ఆమె బతుకంతా ఉతికి, గంజి పెట్టి, త్యాగం అనే మడతలో ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టేస్తారు. సరదాగా బతికిన ఆడదాన్ని గుర్తుపెట్టుకోవడం మన సమాజానికి చేతకాదు. ఏడ్చినదానికి దండ వేస్తుంది, నవ్వినదానికి సంజాయిషీ అడుగుతుంది.

కాబట్టి రాస్తున్నాను. అమ్మ ఏమీ త్యాగం చేయలేదు. గిన్నెలో మొదటి టీ తనే పోసుకునేది. మాకు రెండోది. ఆదివారం బట్టలు ఉతకనని తేల్చి చెప్పింది: "వారమంతా ఊరి రోగాలు ఉతుకుతాను, ఆదివారం మీ మురికి మీరే ఉతుక్కోండి." నాన్న ఉతికేవాడు. నాన్న మాటలు తక్కువ మనిషి. అమ్మ రాత్రి చెప్పిన జోకుకి మర్నాడు కొట్లో వాచీ విప్పుతూ నవ్వేవాడట. వాచీ తెచ్చిన మనిషి తన వాచీని చూసి నవ్వుతున్నాడనుకుని జడుసుకునేవాడట. అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు నాన్న ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. ఆ కథకీ మర్నాడే నవ్వేవాడేమో.

అమ్మకి గొంతులు వచ్చు. సూపర్‌వైజరు గొంతు, పెద్ద డాక్టరు దగ్గు, మా ఇంటిగలాయన మెట్లెక్కే ఆయాసం. మా బడి హెడ్‌మిస్ట్రెస్ నన్ను మందలించడానికి అమ్మను పిలిపిస్తే, బయటికొచ్చాక ఆవిడ గొంతుతోనే నన్ను మళ్ళీ మందలించింది. నేను మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. హెడ్‌మిస్ట్రెస్ కిటికీలోంచి చూసింది. ఇద్దరికీ తిట్లు పడ్డాయి.

నేను వాదించడం మొదలుపెట్టిన వయసు నుంచీ నన్ను ప్లీడరూ అనే పిలిచింది. నా వ్యాసాలు చదివేది కాదు, చదివించుకునేది. మధ్యలో ఆపి, "ఇప్పుడు తిట్టింది ఎవర్ని? వాడికి తెలుసా?" అని అడిగేది. లాండ్రీ ఆడవాళ్ళ మీద ఒకసారి రాశాను. ఆవిరిలో ఉడికిపోతున్న జీవితాలు అని పెట్టాను శీర్షిక. అమ్మ విని, "మేమేం ఇడ్లీలమా?" అంది.

కోపం వచ్చింది అప్పుడు. ఇప్పుడు కూడా కొంచెం ఉంది. ఆ వ్యాసం మంచిదే.


ఆగస్టు 11, సోమవారం

బడి నుంచి ఫోన్. పిచ్చుక క్లాసు టీచరు రమ్మంది.

టీచరు చిన్న వయసే, నొచ్చుకుంటూ మాట్లాడింది. "మూడో పీరియడ్లో పక్కమ్మాయి బల్ల మీద తల వాల్చి పడుకుందండీ. మీ పాప ఆ పిల్ల భుజాలు పట్టుకుని కుదిపేసింది. మామూలుగా కాదు. ఆ పిల్ల ఏడ్చినా ఆపలేదు. మేమే విడిపించాం."

"పడుకున్న పిల్లను లేపడం నేరమా? క్లాసులో పడుకోవడం తప్పు కాదా?"

అవును, ఇది నేనే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

టీచరు నావైపు చూసి, నెమ్మదిగా, "అమ్మమ్మగారు నిద్రలో పోయారట కదండీ. నిద్ర అంటే భయం పట్టుకుందేమో," అంది.

అన్నయ్య అబద్ధం అక్కడిదాకా నడిచి వెళ్ళి, కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను నిజం చెప్పబోయాను. వరండాలో స్తంభానికి ఆనుకుని పిచ్చుక నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. మానేశాను.

ఇప్పుడు గుర్తొస్తోంది. మొన్న మధ్యాహ్నం నేను కాస్త నడుం వాలిస్తే అది నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. దోమ అనుకుని తోసేశాను.

వాదించాల్సింది అన్నయ్యతో కాదు. పిల్ల తల్లో ఎవరో ఫిర్యాదుదారు కూర్చున్నాడు, వాడితో. వాదన గెలవాలంటే సాక్ష్యం కావాలి. తెస్తాను.


ఆగస్టు 12

అమ్మను చూసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండె డాక్టరు, నా వయసే ఉంటుంది, కాఫీ చల్లారిపోయినా గుర్తులేని ముఖం. నాకు కావలసింది ఒక్క వాక్యం అన్నాను. వెంటనే తెలిసినా, వెంటనే తెచ్చినా ఫలితం ఇంతే అని చెప్పాలి.

"అలా చెప్పలేనండీ."

"ఎందుకు చెప్పలేరు? అంత పెద్ద గుండెపోటు అని మీరే అన్నారు."

"పెద్దదే. తేడా ఉండేది కాదు, బహుశా."

"బహుశా తీసెయ్యండి."

"తీసేస్తే అది నా మాట కాదు, మీ మాట అవుతుంది."

వైద్యం నిశ్చయంగా మాట్లాడలేనప్పుడు సామాన్యుడి మీద నేరభారం ఎలా పడుతుందో ఆవిడకు వివరించాను. ఆవిడ పూర్తిగా విన్నది. నాలాంటి వాళ్ళను వినడం అలవాటై ఉంటుంది. చివర్లో, "పాప ఎంతసేపు ఆగిందటండీ?" అని అడిగింది.

నాకు తెలియదు. నేను పిల్లను అడగనే లేదు.


ఆగస్టు 13

పిచ్చుకతో చెప్పాను. "డాక్టరుగారిని అడిగాను. ఏ తేడా ఉండేది కాదని చెప్పింది."

బహుశా అన్న మాట వదిలేశాను. అది అబద్ధం కాదు. సంక్షిప్తీకరణ. పత్రికలో రోజూ చేస్తాం.

అది బొటనవేలి గోరు గిల్లుకుంటూ విన్నది. "డాక్టర్లు అంత గట్టిగా మాట్లాడరమ్మా. అంత గట్టిగా నువ్వు మాట్లాడతావు."


ఆగస్టు 14

అన్నయ్యది అబద్ధం. నాది సంక్షిప్తీకరణ. రెండింటికీ తేడా ఉంది. ఉంది.


ఆగస్టు 16, శనివారం

అమ్మతో పనిచేసినవాళ్ళు వచ్చారు, ఇద్దరు. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు దగ్గర బతుకంతా గడిపిన రోలర్ పెద్దమ్మ. నీళ్ళు కాచే బాయిలరు చూసుకున్న బాయిలర్ పిన్ని. వాళ్ళను మేం చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తున్నాం, అసలు పేర్లతో పిలిస్తే పలకరు కూడా. లాండ్రీ వాళ్ళంతా కలిసి వచ్చే ఆదివారం ఆసుపత్రి వెనక హాల్లో అమ్మ కోసం సభ పెడుతున్నారు. ఇంటి తరఫున ఎవరు మాట్లాడతారో అడగడానికి వచ్చారు.

పెద్దమ్మ కుర్చీలో కుదురుకుని మొదటి ప్రశ్న వేసింది. "నిద్రలో పోయిందట?"

"అవును పెద్దమ్మా," అన్నాడు అన్నయ్య.

"మధ్యాహ్నమా?"

"అవును."

"అది మధ్యాహ్నం ఎప్పుడు పడుకుందిరా? నైట్ డ్యూటీ చేసొచ్చిన రోజు కూడా పడుకునేది కాదు, మమ్మల్ని పడుకోనిచ్చేది కాదు."

పిన్ని ఆవిడ మోకాలు తట్టింది. "వయసొచ్చింది కదా అక్కా. నువ్వు టీవీ ముందు నోరు తెరుచుకుని పడుకోవడం లేదూ?"

"నేను పడుకోను. కళ్ళు మూసుకుని వింటాను."

"గురక పెట్టి వింటావు."

అలా మొదలై ఆ ఇద్దరూ కొత్తగా చేరిన పిల్లల కథలోకి వెళ్ళారు. లాండ్రీలో కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఒక భయం ఉండేది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లలో ఏది ప్రాణం పోయిన మంచానిదో తెలియదు. కొందరు ముట్టుకోవడానికి వణికేవాళ్ళు. ఒకమ్మాయి మొదటిరోజే పారిపోబోయింది. అమ్మ ఉతికి ఆరిన దుప్పట్ల గుట్ట ఎక్కి, ఒకటి నిండా కప్పుకుని, "నేను పోయానమ్మా, సూపర్‌వైజరుకి నా సెలవు చీటీ ఇవ్వండి," అని కళ్ళు మూసుకుందట. మిగతావాళ్ళు ఏడుపు నటిస్తే దుప్పటి కింద పొట్ట ఎగిరెగిరి పడిందట. పారిపోబోయిన పిల్ల నవ్వి ఉండిపోయింది. ఆ పిల్లే బాయిలర్ పిన్ని.

చచ్చే ఆట అక్కడ పుట్టింది.

"ఒక్కసారి కూడా గెలవలేదు అది," అంది పెద్దమ్మ. "ఆట కనిపెట్టింది తను, ఓడేది తనే. పెదవి వణికేది ముందు. తర్వాత ముక్కు. అంతే."

వంటగది గుమ్మంలో పిచ్చుక. పెద్దమ్మ ఆ మాట అనగానే దాని ముఖంలో రంగు పోయింది. నేను చూశాను.

నాకు అప్పుడే చెప్పేయాలనిపించింది, అన్నయ్య ఎదురుగా, నిలబడి. నా ఛాతీలో సగం వాక్యం లేచింది కూడా. పిల్ల తల అడ్డంగా ఊపింది. చాలా చిన్నగా.

మింగేశాను.


ఆగస్టు 17

ఎంతసేపు ఆగావు అని ఇవాళ అడిగాను. డాక్టరు అడిగిన ప్రశ్న. నేను అడగాల్సిన ప్రశ్న.

పక్క మీద కూర్చుని గోడతో చెప్పింది, నాతో కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెవిలో మొరిగాను. నవ్వలేదు. మావయ్యలా ముక్కుతో పాడాను. నవ్వలేదు. అమ్మమ్మ ఎప్పుడూ నవ్వేస్తుంది కదా. ఈసారి గెలవాలని పంతం పట్టిందనుకున్నాను. నాకు సంతోషమేసిందమ్మా. అబ్బా, ఎంత బిగబట్టుకుందో అనుకున్నాను. సరే చూడు నీ పని అని పెన్సిల్ తెచ్చాను. ఒకవైపు గీసేశాను. నవ్వలేదు. అప్పుడే తెలియాలి. నవ్వకపోతే అమ్మమ్మ కాదు కదా."

"రెండోవైపు?"

"పెన్సిల్ పెట్టాను. గీయలేకపోయాను."

దుఃఖం నాకు వచ్చింది. దాన్ని పక్కకు పెట్టి వాదన తెచ్చాను, ఎందుకంటే దుఃఖంతో పిల్లను ఒడ్డుకు తేలేను. చెప్పాను: అమ్మమ్మ చెవిలో చివరిగా పడింది నీ నవ్వు. ఎంతమందికి దక్కుతుంది? నవ్వు శ్రమజీవుల ఆయుధం. ఆమె తన ఆయుధం చేతబట్టుకునే వెళ్ళిపోయింది. ఆ ఆయుధం నువ్వు అందించావు.

పిచ్చుక గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "అమ్మా, ఇది నీ వ్యాసంలా ఉంది."

"వ్యాసంలో నిజం ఉండకూడదా?"

"ఉంటుంది. కానీ అమ్మమ్మ ఉండదు."


ఆగస్టు 19

ఎడిటరు ఫోన్. ఈ వారం కాలమ్‌లో అమ్మ గురించి రాయమన్నాడు. "మీ శైలిలో, కొంచెం నిప్పు, కొంచెం కన్నీరు," అన్నాడు. నిప్పు మాత్రమే ఉందని చెప్పి పెట్టేశాను.

రాయను. ఇంటద్దెల మీద రాసిస్తాను.


ఆగస్టు 21

సభలో నేనే మాట్లాడతానని అన్నయ్యకు చెప్పాను. మీసం సంగతి చెబుతానన్నాను.

"నువ్వు పిల్లను అందరి ముందు నిలబెడుతున్నావు."

"నువ్వు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నావు."

వదిన మధ్యలో టీ పెట్టి, "దాన్ని అడిగారా మీరిద్దరూ?" అంది. మా వదిన ఇంట్లో అన్నిటికంటే తక్కువ మాట్లాడే మనిషి. వాచీల కొట్టు ఇంట్లో అందరూ అలాగే తయారవుతారు.

పిల్లను పిలిచాం. అన్నయ్య గొంతు మెత్తగా చేసుకుని అడిగాడు. నేను నా గొంతుతోనే అడిగాను. పిచ్చుక ఇద్దరినీ చూసి, "నాకు నిద్రే బాగుంది," అంది.

అన్నయ్య గెలిచాడు. గెలిచిన ముఖం మాత్రం పెట్టలేదు. చల్లారిన టీ తాగి వెళ్ళిపోయాడు.


ఆగస్టు 22

నిర్ణయం. మాట్లాడను. పిల్ల వద్దంది కాబట్టి, నా నోరు నాదే కాబట్టి. నోరు మూసుకోవడం కూడా ఒక పోరాటమే అని రాయబోయాను. రాయను. అది చెత్త వాక్యం.


ఆగస్టు 24, ఆదివారం

సభ. ఆసుపత్రి వెనక హాలు. పొడవాటి గది, ఒకపక్క లాండ్రీ గోడ, ఆదివారమైనా ఆవిరి వాసన. ఇనుప కుర్చీలు. లాండ్రీలో పనిచేసినవాళ్ళు, ఇప్పుడు చేస్తున్నవాళ్ళు, వార్డు ఆయాలు. అమ్మ ఫొటో పెట్టారు. సంతాప సభకు పనికొచ్చే ఫొటో ఒక్కటీ దొరకలేదు, ప్రతి దాంట్లోనూ కన్ను కొడుతూనో నాలుక బయటపెట్టో ఉంది. చివరికి ఆసుపత్రి గుర్తింపు కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించారు. అందులో కూడా నవ్వాపుకుంటోంది. ఫొటో తీసినవాడిని ఏమందో వాడికే తెలియాలి.

సూపర్‌వైజరు మాట్లాడాడు. అంకితభావం, క్రమశిక్షణ అన్నాడు. నా పక్క వరసలో బాయిలర్ పిన్ని, "ఇది ఎవరి సభ?" అని పెద్దమ్మని అడిగింది, బాగానే వినబడేట్టు.

తర్వాత అన్నయ్య. చేతిలో కాగితం. వాడికి మాట్లాడటం రాదు, అందుకే రాసుకొచ్చాడు. మంచి మాటలే. అమ్మ కష్టం, అమ్మ నవ్వు, మనవరాలంటే ప్రాణం. చివరికి వచ్చాడు. "ఆరోజు మధ్యాహ్నం, నిద్రలోనే, ప్రశాంతంగా..."

"నిద్ర కాదు మావయ్యా."

నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పిచ్చుక లేచి నిలబడింది. దాని చేతులు గౌను అంచును నలుపుతున్నాయి. నేను లేవబోయాను. సాయం చేయడానికి, వివరించడానికి, వాదించడానికి. కుర్చీ అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. బతుకులో ఏ సభలోనూ అంత కష్టపడలేదు.

చెప్పింది. ఆరోజు గోడకు చెప్పినట్టే, అదే వరసలో. చచ్చే ఆట ఆడుతున్నాం. అమ్మమ్మ ఆఖరి మాట చెప్పింది. ఆ మాట కూడా చెప్పేసింది, చీరలూ జెండాలూ. ఎక్కడో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. మొరిగాను, పాడాను, నవ్వలేదు. గెలవాలని పంతం పట్టిందనుకున్నాను. మీసం గీశాను. అప్పటికే చచ్చిపోయింది. నాకు తెలియలేదు. "నేను ఆడుతూ ఉన్నాను," అంది. అక్కడ ఆగింది. కూర్చోలేదు. తీర్పు కోసం నిలబడినట్టు నిలబడింది.

అన్నయ్య కాగితం మడిచాడు, విప్పాడు. అమ్మలాంటి మనిషి సభలో అంత నిశ్శబ్దం పాపం. ఎవరైనా ఒక అబద్ధపు ఓదార్పు మాట అంటే లేచి తన్నడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

బాయిలర్ పిన్ని ముందుకు వంగింది. "మీసం ఎలాంటిది గీశావే? సన్నదా?"

పిచ్చుకకు ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "కాదు. మెలి తిరిగింది."

"రెండువైపులా?"

"ఒకవైపే. రెండోవైపు పెన్సిల్ పెట్టాను. అప్పుడు తెలిసిపోయింది."

రోలర్ పెద్దమ్మ కుర్చీలోనే ఇటు తిరిగింది. ఎప్పటిలాగే కొట్లాటకు దిగే గొంతు. "సగంలోనే కనిపెట్టావా? మేమైతే రెండువైపులా గీసి గడ్డం కూడా పెట్టేవాళ్ళం."

"నువ్వు గడ్డంతో ఆపేదానివా అక్కా? బొట్టుపెట్టి, కళ్ళజోడు గీసి, సూపర్‌వైజరుగారిని పిలిచేదానివి."

"పిలిచేదాన్నే. ఆయనొచ్చి సెలవు చీటీ ఏది అని అడిగేవాడు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆగలేదు. ఆయాలు నవ్వారు, కొత్తగా చేరిన పిల్లలు నవ్వారు, సూపర్‌వైజరు ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక చివరికి నవ్వాడు. పెద్దమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ, "మొత్తానికి గెలిచిందన్నమాట. దానికి గెలవడం చేతకాదని అందరికీ చెప్పుకున్నానే ఇన్నాళ్ళూ," అంది.

పిచ్చుక ఏడ్చింది. ఆరోజు నుంచి మొదటి ఏడుపు. నిలబడే ఏడ్చింది, నోరు తెరిచి, చిన్నపిల్లలా. పిన్ని వెళ్ళి దాన్ని తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అంత పొడుగు పిల్ల, కాళ్ళు నేలకు తగులుతూ.

నా సాక్ష్యాలు, నా డాక్టరు, నా ఆయుధం, ఏవీ పనికిరాలేదు. కోపంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. రెండూ ఉంటాయి, ఎవడు కాదంటాడో రమ్మను.


ఆగస్టు 25

డాక్టరు బహుశా అని కూడా అన్నదని పిల్లకు చెప్పాను.

"తెలుసు," అంది.


ఆగస్టు 27, బుధవారం

బడి అయ్యాక పిచ్చుకను తీసుకుని అన్నయ్య కొట్టుకు వెళ్ళాను. దాని చేతి వాచీ ఆగిపోయింది. వాడూ నేనూ సభ తర్వాత మాట్లాడుకోలేదు. వాడు కంటికి భూతద్దం పెట్టుకుని పిల్ల వాచీ వెనక మూత విప్పుతున్నాడు. మేం బల్లకు ఇవతల స్టూళ్ళ మీద కూర్చున్నాం.

పక్క వీధి మందుల కొట్టాయన వచ్చాడు, వాచీ పట్టీ మార్పించుకోవడానికి. అన్నయ్యకు పాత స్నేహితుడు. మమ్మల్ని చూసి గొంతు తగ్గించాడు. "విన్నానయ్యా. అమ్మగారు నిద్రలోనే పోయారటగా. పుణ్యాత్మురాలు. అందరికీ రాదు ఆ చావు."

నా నోరు తెరుచుకుంది. పిచ్చుక నా మోచేయి పట్టుకుంది.

అన్నయ్య తల ఎత్తలేదు. పట్టకారుతో చిన్న చక్రాన్ని దాని చోట కూర్చోబెట్టి, అది కుదిరిందాకా ఆగి, అప్పుడన్నాడు.

"నిద్రలో కాదు. మా మేనకోడలితో ఆడుకుంటూ పోయింది."

"ఆడుకుంటూనా?"

"అవును. మా అమ్మ కదా," అన్నాడు అన్నయ్య, అంతకన్నా వివరణ అక్కర్లేదన్నట్టు. "పట్టీ నల్లదా, గోధుమరంగుదా?"

ఆయన నల్లదన్నాడు.